రేపు ఉదయం ఇక్కడ ఎవరుంటారు?

(విదేశీ అతిథి బృందం పర్యటన చివరి రోజు సాయంత్రం, కురుగోడులో మా వేదిక తరఫున చేసిన ప్రసంగ పాఠం)



వీడ్కోలు సభ అంటే మన సంఘాల్లో ఒక వరస ఉంది. పూలదండలు, శాలువాలు, రెండు పాటలు, నాలుగు సాక్ష్యాలు, గ్రూపు ఫొటో, ఆ తర్వాత భోజనాలు. దండలు, శాలువాలు అయిపోయాయి. వంట పూర్తవడానికి ఇంకా టైము పడుతుందని కబురు వచ్చింది. ఆ సమయం మాకు ఇచ్చారు. పొగడ్తలు ఇప్పటికే సరిపడా అయ్యాయి కాబట్టి ఆ పని మేము చేయం. ఒక ప్రశ్న మాత్రం అందరి ముందూ పెడతాం. ఈ బృందం వెళ్ళిపోయాక, రేపు ఉదయం ఇక్కడ ఎవరుంటారు?

అనువాదం చేస్తున్న చెల్లెమ్మకు ముందే ఒక మనవి. మా మాటలు అక్కడక్కడ గరుకుగా ఉంటాయి. మెత్తగా చేసి చెప్పకమ్మా. ఉన్నది ఉన్నట్టు చెప్పు. పదకొండు రోజులు మనతో కూర్చుని మన కారం తిన్నవాళ్ళు ఆ మాత్రం తట్టుకుంటారు.

మీలో ఒకరు మొన్న మంచి ప్రశ్న అడిగారు. "మీరు బజారులో కన్నడ మాట్లాడతారు, గుడిలో తెలుగు పాడతారు. ఇంతకీ మీరెవరు?" అని. జవాబు చెప్పాలంటే కొంచెం చరిత్ర కావాలి. ఈ కురుగోడు ఒకప్పుడు సింద రాజుల ఊరు. కొండ మీద కోట గోడలు, దొడ్డబసవేశ్వర గుడిలో ఆ పెద్ద ఏకశిలా నంది మీరు చూశారు. 1800లో నిజాం ఈ సీమనంతా ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. ఆ తర్వాత బళ్ళారి మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా అయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ జిల్లాను విడదీశారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు ఆంధ్రకు వెళ్ళాయి. బళ్ళారి, సిరుగుప్ప, హోసపేట ఇటు మైసూరు రాష్ట్రంలోకి వచ్చాయి. గీత మధ్యలో పడింది కానీ చుట్టరికాలు తెగలేదు. ఇదే కాలంలో తుంగభద్ర డ్యాం వచ్చింది. కాలువ నీళ్ళ వెంట కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొన్నారు. వాళ్ళు కట్టుకున్న ఊళ్ళనే ఇప్పటికీ "క్యాంపు" అంటున్నాం. రైతుల వెంట కూలీలూ వచ్చారు. ఆ కూలీల మూటల్లో తెలుగు బైబిళ్ళు, పాటల పుస్తకాలు కూడా వచ్చాయి. కాబట్టి మేము రెండు భాషల వాళ్ళం, ఒకే కూలి వాళ్ళం. అదే మా చిరునామా.

ఇప్పుడు ప్రశ్నకు వద్దాం. చివరి రోజు గురించి వాక్యంలో ఒక మంచి ఘట్టం ఉంది. అపొస్తలుల కార్యములు ఇరవయ్యో అధ్యాయం. పౌలు యెరూషలేముకు పోతూ మిలేతులో ఆగి, ఎఫెసు సంఘ పెద్దలను పిలిపించుకున్నాడు. ఆ ఊళ్ళో ఆయన మూడేళ్ళు ఉన్నాడు. ఇక మళ్ళీ తన ముఖం చూడరని తెలిసి మాట్లాడాడు. ఆ చివరి మాటల్లో ఏమున్నాయో ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక చదవండి. మాకు అందులో మూడు పనులు కనిపిస్తాయి.

మొదటిది, లెక్క అప్పజెప్పాడు. ఎవరి వెండిని, బంగారాన్ని, బట్టలను ఆశించలేదని, తన చేతులతో పని చేసుకుని బతికానని, అది వాళ్ళు కళ్ళారా చూసిందేనని గుర్తుచేశాడు. రెండోది, తాను పోయాక వచ్చే అపాయం ఏమిటో ముందే చెప్పాడు. తోడేళ్ళు బయటి నుంచీ వస్తాయి, మీలోంచీ లేస్తాయి అన్నాడు. మూడోది, మందను వాళ్ళ చేతుల్లో పెట్టాడు. "వచ్చే ఏడాది మళ్ళీ వస్తాను, అప్పటిదాకా ఏమీ చేయకండి" అనలేదు. ఆ తర్వాతే అందరూ మోకాళ్ళూని ప్రార్థన చేశారు, ఏడ్చారు, ఓడ దాకా సాగనంపారు. మన సభల్లో ఏడుపు ఉంటుంది, సాగనంపడం ఉంటుంది. లెక్క, హెచ్చరిక, అప్పగింత ఈ మూడే తప్పిపోతుంటాయి. ఈ సాయంత్రం ఆ మూడూ చేద్దాం.

లెక్క అంటే డబ్బు లెక్క ఒక్కటే కాదు. ఈ పదకొండు రోజుల్లో ఏది నిలిచింది, ఏది ఎగిరిపోయింది అనే లెక్క. సండేస్కూలు గదికి మీరు రంగు వేశారు. ఎంతో ప్రేమతో వేశారు. మన సంఘంలోనే ఇద్దరు పెయింటర్లు ఉన్నారు. మీరు వేసిన గోడకు వాళ్ళు మరునాడు రెండో కోటు వేశారు, మీకు చెప్పకుండా. నవ్వకండి, అది మర్యాదతో చేసిన పని. కానీ ఆలోచించండి. మీలో ఒక్కరి విమానం టికెట్టు ఖర్చుతో ఆ ఇద్దరికీ ఎన్ని రోజుల కూలి దొరికేదో.

అదే మీలోనే ఒక అక్క, రంగు వేసే రోజున బ్రష్షు పట్టుకోకుండా కళ్లం దగ్గరికి వెళ్ళింది. మిరపకాయల తొడిమలు తుంచే ఆడవాళ్ళ పక్కన గోనెసంచి మీద మధ్యాహ్నం దాకా కూర్చుంది. తానూ తుంచింది. సాయంత్రానికి చేతులు మండి పెరుగులో ముంచుకుంది. ఆ మంటలోనే అడిగింది, రోజుకు ఎంత ఇస్తారు, మగవాళ్ళకు ఎంత ఇస్తారు, తేడా ఎందుకు అని. ఆ ప్రశ్న ఆడవాళ్ళు ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. గోడ రంగు రెండు వానలకు వెలిసిపోతుంది. ఆ ప్రశ్న వెలవదు.

ఇంకోటి కూడా లెక్కలో రాయాలి. మీలో నలుగురు గేరిలో భోంచేశారు. పెద్దింటి వాళ్ళు పిలిచినా, "మాకు ముందు పిలిచిన ఇల్లు ఉంది" అని అక్కడే తిన్నారు. లూకా సువార్త పదో అధ్యాయంలో ప్రభువు డెబ్బదిమందిని పంపుతూ చెప్పిన నియమం ఇదే. ఒక ఇంట్లో దిగితే ఆ ఇంట్లోనే ఉండండి, పెట్టింది తినండి, ఇల్లిల్లూ మారకండి. అది మర్యాద పాఠం అనుకుంటాం. మన ఊళ్ళలో అది కులం గోడను తాకే నియమం. ఎవరి ఇంట నీళ్ళు తాగారు అన్నది ఈ దేశంలో ఇప్పటికీ పెద్ద వార్తే.

మా ఇంటిదగ్గరి పల్లెలో ఒక బోరు ఉంది. చాలా ఏళ్ళ క్రితం ఒక బృందం వేయించింది. ప్రారంభోత్సవం వాళ్ళ పర్యటన చివరి రోజునే జరిగింది. నీళ్ళు బాగానే పడ్డాయి. రెండు వేసవుల తర్వాత మోటారు కాలిపోయింది. బాగుచేయించే బాధ్యత ఎవరిదో ఆ చివరి రోజున ఎవరూ మాట్లాడుకోలేదు. పంచాయతీ "మాది కాదు" అంది, సంఘం "మా దగ్గర డబ్బు లేదు" అంది. దాతల పేర్లు చెక్కిన రాయి మాత్రం చెక్కుచెదరలేదు. ఆ రాయి మీద ఇప్పుడు ఆడవాళ్ళు బట్టలు ఉతుకుతారు. ఏదో ఒక ఉపయోగం.

ఇది ఒక్క బోరు కథ కాదు. కంపాషన్ ఇంటర్నేషనల్ అనే సంస్థ మన దేశంలో 48 ఏళ్ళు పనిచేసింది. 2017 మార్చిలో ఆగిపోయింది. విదేశీ విరాళాల విషయంలో హోం శాఖ ముందస్తు అనుమతి షరతు పెట్టాక డబ్బు రావడం నిలిచిపోయింది. అప్పటికి దాని సాయంతో చదువుకుంటున్న పిల్లలు సుమారు 1,45,000 మంది. ప్రభుత్వ నిర్ణయంలో న్యాయాన్యాయాల చర్చ వేరు, అది చేయాల్సిందే. కానీ మనకు ఇంకో పాఠం కూడా ఉంది. ఒక పిల్ల ఫీజు, పుస్తకం, మధ్యాహ్నం అన్నం అన్నీ ఒకే తీగకు వేలాడదీస్తే, ఆ తీగ తెగిన రోజే ఆ పిల్లకు చివరి రోజు అవుతుంది.

అప్పగింత గురించి మన చరిత్ర ఏమంటుందో చూద్దాం. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హ్యాండ్స్ 1810లో బళ్ళారికి వచ్చాడు. ఆ రోజుల్లో మిషనరీకి తిరుగు టికెట్టు ఉండేది కాదు. అంతకు ఐదేళ్ళ ముందు, 1805లో, ఇదే సొసైటీ తరఫున విశాఖపట్నం వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ ఇద్దరూ 1810 లోపే, ఆ ఏడాదితో కలిపి, ఇక్కడి మట్టిలో కలిసిపోయారు. హ్యాండ్స్ నిలిచాడు. కన్నడ నేర్చుకున్నాడు. ఆయన, తోటివాళ్ళు చేసిన అనువాదంతో 1831 నాటికి కన్నడ బైబిలు పూర్తయింది. దాంట్లో ఈ ప్రాంతపు పండితుల చెమట ఎంత ఉందో, వాళ్ళ పేర్లు అట్ట మీద అంత కనిపించవు. అదీ గుర్తుపెట్టుకోవాలి.

ఆ దొరల కాలాన్ని మేము పూలదండలో చుట్టి చెప్పం. ఈ సీమ కంపెనీ చేతిలో పడిన పదేళ్ళకే మిషను వచ్చింది. కంటోన్మెంటు నీడలోనే పెరిగింది. 1876-78 కరువులో ఈ బళ్ళారి జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే అతి ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. అప్పుడు గంజి పోసిన చేతులూ ఉన్నాయి, పన్నులు వసూలు చేసిన చేతులూ ఉన్నాయి. ఆ రెంటి రంగూ ఒకటే కాబట్టి మన తాతలకు ఏది ఏదో తేల్చుకోవడం కష్టమైంది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. బంగళాల తాళంచెవులు చేతులు మారాయి. నిర్ణయాలు చేసే అలవాటు మాత్రం అంత త్వరగా చేతులు మారలేదు. "దొరగారు ఏమంటారో" అన్న మాట పోయి "ఫారిన్ వాళ్ళు ఏమంటారో" అన్న మాట వచ్చింది.

ఈ మాట చెప్పిన మొదటివాళ్ళం మేము కాదు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వి.ఎస్. అజరయ్య గారు లేచి మాట్లాడారు. తమిళుడే అయినా తెలుగు నేల మీద, దోర్నకల్లో పనిచేస్తున్న మనిషి. 1912లో అక్కడే బిషప్పు అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. మీ త్యాగాలకు, మీ దానాలకు కృతజ్ఞులమే, కానీ మాకు కావలసింది స్నేహం అని ఆయన అడిగారు. ఆ సభలో చాలామందికి ఆ మాట గుచ్చుకుంది. నూటపదిహేను ఏళ్ళు దాటినా ఆ మాటకు పని తీరలేదు.

తెలుగువాళ్ళు ఎప్పుడూ చేతులు చాచినవాళ్ళే అనుకోకండి. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్ళారు. ఆయనను పంపింది ఏ విదేశీ సొసైటీయో కాదు, తెలుగు బాప్టిస్టుల సొంత హోం మిషను. అక్కడ చెరుకు తోటల్లో, తేయాకు తోటల్లో ఒప్పంద కూలీలుగా పోయిన తెలుగువాళ్ళ మధ్య ఆయన పనిచేశారు. అదే ఏడాది చివర కియర్స్‌నీ తోటలో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. 1915లో ఆయన అక్కడే ప్రభువునందు నిద్రించారు. ఆయన పర్యటనకు చివరి రోజు రాలేదు. కూలీల సంఘాలు మాత్రం ఆ తర్వాతా నిలిచాయి. ఎందుకంటే అవి మొదటి నుంచీ కూలీలవే. మీలో అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లలు నలుగురున్నారు. మీ ముందు ఈ దారిలో నడిచిన తెలుగు మనిషి ఒకాయన ఉన్నాడని తెలియాలనే ఈ మాట.

ఇక హెచ్చరిక. ఇది రెండు వైపులా.

మొదట, మీ ఫోనుల్లో ఉన్న ఫొటోలు. అతిథికి ఫొటో జ్ఞాపకం. ఇక్కడ ఉండిపోయేవాళ్ళకు అదే ఫొటో సాక్ష్యపత్రం కావచ్చు, వాళ్ళకు వ్యతిరేకంగా. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కింద లెక్కకు రాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులకు, ముస్లింలకు ఆ తలుపు మూసే ఉంది. మతంతో ఈ ముడి తెంపమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. 2022లో కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేశారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో, క్రైస్తవ ఆచారాలు పాటిస్తూ ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్టు అడగడం కుదరదంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా ఉన్న ఒకాయన కులం పేరుతో దూషించారని పెట్టిన అట్రాసిటీ కేసును, క్రైస్తవుడికి ఆ చట్టం వర్తించదని కొట్టేసింది. అటు ఆంధ్రలో మారిన ఎస్సీలకు బీసీ-సి కింద 1 శాతం. అంతే.

మతం మారితే కులం వదులుతుందా? మా ఊళ్ళకు వచ్చి చూడండి. బావి దగ్గర వదలదు, హోటల్లో వదలదు, శ్మశానంలో వదలదు. సర్టిఫికెట్టులో మాత్రం వదిలేస్తుంది. ఇలాంటి చోట ఒక పిల్ల ముఖం, పక్కన ఊరి పేరు, కింద "కొత్తగా ప్రభువును తెలుసుకున్న సహోదరి" అని మీరు అక్కడ కూర్చుని పెడితే, ఆ పిల్ల హాస్టలు సీటు ఇక్కడ పోవచ్చు. విశ్వాసాన్ని దాచమని మేము అనడం లేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు చెప్పుకోవాలో తేల్చుకునే హక్కు ఆమెది అంటున్నాం. ఆమె నోటి మాటను మన పోస్టు లాక్కోకూడదు.

ఇలాగే జోగినులుగా, దేవదాసులుగా బతికిన పెద్దమ్మలు కొందరు మీతో మాట్లాడారు. కర్ణాటక 1982లో, ఆంధ్రప్రదేశ్ 1988లో ఆ ఆచారాన్ని చట్టం చేసి నిషేధించాయి. వాళ్ళ బాధ వాళ్ళు నమ్మకంతో చెప్పుకున్నారు. అది చందాల కరపత్రం మీద వేయడానికి చెప్పుకున్నది కాదు. వాళ్ళ మనుమరాళ్ళకు రేపు పెళ్ళి సంబంధాలు చూడాలి.

రెండోది, మీరు వెళ్ళాక ఎవరిని పిలుస్తారు అన్నది. 2022లో కర్ణాటకలో మతమార్పిడుల చట్టం వచ్చింది. మతం మారాలంటే జిల్లా మేజిస్ట్రేటుకు 30 రోజుల ముందే తెలపాలి. చుట్టం, తోటి ఉద్యోగి, పరిచయస్థుడు ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. ఆడవాళ్ళు, మైనర్లు, ఎస్సీ, ఎస్టీల విషయమైతే శిక్ష పదేళ్ళ దాకా. వాళ్ళకు సొంత బుద్ధి ఉండదన్నట్టు! 2023 జూన్‌లో కొత్త మంత్రివర్గం ఆ చట్టాన్ని రద్దు చేయాలని తీర్మానించింది. తీర్మానంతో అనుమానాలు తగ్గవు. విదేశీ అతిథిని ఇంట్లో పెట్టుకుంటే 24 గంటల్లోగా అధికారులకు తెలియజేయాలి. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్ళు మత ప్రచారం చేయకూడదు. ఈసారి ఇవన్నీ సరిగ్గా జరిగాయి, మీరు అతిథులుగా వచ్చి అతిథులుగానే ఉన్నారు. తర్వాత వచ్చేవాళ్ళకు కూడా మీరే చెప్పండి. అక్కడ ధైర్యంగా కనిపించే పని, ఇక్కడ ఇంకొకరి అరెస్టు అవుతుంది. మీ పాస్‌పోర్టు మిమ్మల్ని ఇంటికి చేరుస్తుంది. ఆదివారం స్టేషనుకు నడిచేది మన అయ్యగారు.

మూడోది, కవర్లు. చివరి రోజు రాత్రి చేతిలో కవరు పెట్టడం మీకు కృతజ్ఞత. మా వాళ్ళకు అది చట్టం దృష్టిలో విదేశీ విరాళం. డాలర్లు మార్చి రూపాయల్లో ఇచ్చినా అంతే. రిజిస్ట్రేషను ఉన్న సంస్థకే, ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతా ద్వారానే రావాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ ఇంకో సంస్థకు ఆ డబ్బు ఇవ్వడానికి కూడా వీల్లేదు. ఈ నియమాలు చిన్న సంఘాలను ఊపిరాడకుండా చేస్తున్నాయని మేము చాలాచోట్ల చెప్పాం, ఇంకా చెబుతాం. చెబుతూనే పాటిస్తాం. చట్టం సంగతి పక్కన పెట్టినా, కవరు మంచిది కాదు. ఒకరికి ఇచ్చిన కవరు పదిమందిలో అనుమానం అవుతుంది. పౌలు యెరూషలేము పేదల కోసం కానుక పోగుచేసినప్పుడు దాన్ని ఒక్కడే మోయలేదు. సంఘాలు ఎన్నుకున్న మనుషులను తోడు పెట్టుకున్నాడు, ఎవరూ వేలెత్తి చూపకూడదని. అపొస్తలుడికే సాక్షులు కావలసి వచ్చారు.

నాలుగోది, వాగ్దానాలు. ఈ రాత్రి పిల్లలు మిమ్మల్ని చుట్టుకుని "మళ్ళీ ఎప్పుడొస్తారు?" అని అడుగుతారు. ప్రేమ కొద్దీ "వచ్చే ఏడు" అని నోటికి వచ్చేస్తుంది. అనకండి. పిల్లలు తేదీలు లెక్కపెట్టుకుంటారు. "తెలియదమ్మా, నీ పేరు మాత్రం ప్రార్థనలో తలుచుకుంటా" అనండి. అది నిజం. నిజం చెప్పడం కూడా పరిచర్యే.

మరి ఇంటికి వెళ్ళి ఏం చేయాలి అని అడుగుతారా? మీరు చూసిన మిరపకాయ ఇక్కడి నుంచి హావేరి జిల్లా బ్యాడగి మార్కెట్టుకు వెళ్తుంది. అక్కడి నుంచి కొంత ఫ్యాక్టరీలకు పోతుంది. దానిలోని ఎర్ర రంగు తీసి దేశవిదేశాలకు పంపుతారు, ఆహారంలో కలుపుతారు, పెదాల రంగులో కలుపుతారు. అంటే మీరు కురుగోడు వైపు రాకముందే ఈ వైపు ఆడవాళ్ళ చేతిపని మీ ఇళ్ళకు వచ్చి ఉండొచ్చు. ఆ చేతులకు కూలి ఎంత అని అక్కడి కంపెనీలను అడగండి. మేము ఇక్కడి నుంచి అడిగితే వాళ్ళకు వినపడదు.

ఇంకొకటి. కులం మన సామాన్లలో సముద్రం దాటింది. 2023 ఫిబ్రవరిలో అమెరికాలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును అక్టోబరులో గవర్నరు వెనక్కి పంపాడు. మీ నగరంలోని తెలుగు సంఘంలో పెళ్ళి సంబంధాలు ఎలా కుదురుతున్నాయో, ఎవరి ఇంటి ప్రార్థనకు ఎవరు వెళ్ళరో చూడండి. గేరిలో అన్నం తిన్నామని అక్కడ సాక్ష్యం చెప్పినప్పుడు, ఈ మాట కూడా కలిపి చెప్పండి. అప్పుడే ఆ అన్నం అరిగినట్టు.

ఇప్పుడు మనవాళ్ళతో. అనువాదం అక్కర్లేదు చెల్లెమ్మా, కాసేపు కూర్చో.

అక్కలారా, అన్నలారా, అతిథిని గౌరవించడం మన సంస్కారం. అతిథి కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం సంస్కారం కాదు. "ఫారిన్ వాళ్ళు వస్తే గుడి పైకప్పు వేయిస్తారు" అనే మాట మనలో వినిపిస్తోంది. మన అమ్మమ్మలు వంట చేసే ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి కుండలో వేసేవాళ్ళు. వారం తిరిగేసరికి ఆ కుండలు గుడికి చేరేవి. కూలి దొరకని రోజుల్లో కూడా ఆ పిడికెడు ఆగలేదు. ఆ బియ్యంతో అయ్యగార్ల ఇళ్ళు నడిచాయి. పేదల సంఘం పేదదే కానీ బిచ్చగత్తె కాదని ఆ కుండ చెప్పింది. ఆ కుండను మళ్ళీ బయటికి తీయండి. బియ్యం కాకపోతే పది రూపాయలు. లెక్క మనది, మాట మనది.

రేపు ఉదయం ఇక్కడ ఎవరుంటారో మేము చెబుతాం. ఆశా కార్యకర్తగా తిరిగే మన అక్క ఉంటుంది. వారమంతా గూడ్స్ ఆటో నడిపి ఆదివారం వాక్యం చెప్పే అయ్యగారు ఉంటారు. తొడిమలు తుంచే ఆడవాళ్ళు ఉంటారు, ఆ కూలి ప్రశ్న ఉంటుంది. పదో తరగతి పరీక్ష రాయాల్సిన పిల్లలు ఉంటారు. మనల్ని అనుమానంగా చూసే పొరుగువాళ్ళూ ఉంటారు, వాళ్ళూ మన వాళ్ళే. వాళ్ళింట్లో పెళ్ళయితే మనం వెళ్ళాలి, మనింట్లో చావు అయితే వాళ్ళు రావాలి. ఏ బృందమూ ఇవ్వలేని రక్షణ అది ఒక్కటే.

అతిథులారా, మీ మీద మాకు ఫిర్యాదు లేదు. ఉంటే ఇంత సేపు మాట్లాడం, దండ వేసి పంపేస్తాం. స్నేహితులతోనే ఇలా మాట్లాడతారు. ఈ రాత్రి మన యౌవనస్థుల పక్కన కూర్చుని మీ ఫోనులు తెరవండి. ఏ ఫొటో ఉంచాలో, ఏది తీసేయాలో ఆ ఫొటోలో ఉన్నవాళ్ళే చెబుతారు. మీరు ఇవ్వదలచిన కానుక ఏదైనా ఉంటే, రిజిస్టరైన మార్గంలోనే, లెక్కతోనే పంపండి. పంపకపోయినా మన స్నేహం తగ్గదు.

సంఘస్థులకు ఒక ప్రకటన. ఈ పదకొండు రోజుల ఖర్చుల పుస్తకం ఆదివారం ఆరాధన తర్వాత అందరి ముందు చదువుతారు. తొడిమల కూలి సంగతి మాట్లాడటానికి ఆడవాళ్ళు అదే రోజు మధ్యాహ్నం కూర్చుంటున్నారు. మగవాళ్ళు ఆ పూట పిల్లలను చూసుకోవాలి. అందరూ రండి.

ప్రభువు వెళ్ళేవారికి తోడై, ఉండేవారిలో నిలిచి ఉండును గాక.